జాంగోలో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్) ఫీల్డ్ ఆప్షనల్ చేయాలంటే నల్ కూడా పెట్టాలా, బ్లాంక్ ఒక్కటే చాలా?

బ్రాడీపేట:
గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీకి రిజిస్ట్రేషన్ ఫారం చేస్తున్నాను. రైతులూ, వ్యాపారులూ ఇదే నింపుతారు. పేరు, ఫోన్ తప్పనిసరి. ఊరు, ఈమెయిల్, జీఎస్టీ నంబరు ఖాళీగా వదిలినా సేవ్ అవ్వాలి. మా టీమ్‌లో ఆప్షనల్ అనగానే బ్లాంక్=ట్రూ, నల్=ట్రూ రెండూ పెట్టేస్తారు. ఇది సరైన పద్ధతేనా?

బెంజిసర్కిల్:
సరైనదే. రెండూ పెడితే ఏ ఎర్రరూ రాదు. డెలివరీ టెన్షన్‌లో ఒక్కో ఫీల్డ్ దగ్గర ఆగి ఆలోచించలేం.

అరండల్‌పేట:
నేను ఒప్పుకోనండి. బ్లాంక్ వాలిడేషన్‌కి, అంటే నింపినది సరిగ్గా ఉందో లేదో చూడటానికి సంబంధించింది, మోడల్‌ఫారం (మోడల్ నుంచి జాంగో తయారుచేసే ఫారం) దాన్ని బట్టే ఫీల్డ్‌ని తప్పనిసరి కాకుండా చేస్తుంది. నల్ మాత్రం డేటాబేస్ కాలమ్‌ది, అక్కడ విలువే లేదని చెప్పే గుర్తు. క్యార్‌ఫీల్డ్‌కి (అక్షరాలు దాచే ఫీల్డ్) నల్ కూడా ఇచ్చారంటే ఫారం నుంచి వచ్చిన ఖాళీ నల్‌గా, ఎక్సెల్ అప్‌లోడ్ నుంచి వచ్చింది ఖాళీ స్ట్రింగ్‌గా (ఒక్క అక్షరమూ లేని విలువ) పడవచ్చు. రేపు ఈమెయిల్ లేని రైతుల జాబితా అడిగితే సగం మందే వస్తారు, పైగా ఎర్రర్ ఏమీ రాదు కాబట్టి ఎవరూ గమనించరు. నాకు భయం అక్కడే. జాంగో డాక్యుమెంటేషన్ కూడా స్ట్రింగ్ ఫీల్డ్‌లకు నల్ వద్దనే అంటుంది. తేదీలు, అంకెలకైతే రెండూ కావాలి, అక్కడ ఖాళీ స్ట్రింగ్ కుదరదు.

బెంజిసర్కిల్:
మరి జీఎస్టీ నంబరుకి యూనిక్=ట్రూ (ఒకే విలువ రెండుసార్లు రాకూడదని) ఉంటే? సొంత పంట అమ్ముకునే రైతుకి జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, అందరూ ఖాళీగానే వదులుతారు. మొదటి రైతు సేవ్ అవుతాడు. రెండో రైతుకి 'ఇప్పటికే ఉంది' అని ఆగిపోతుంది.

అరండల్‌పేట:
అది నిజం. యూనిక్, బ్లాంక్ కలిసి ఉన్న క్యార్‌ఫీల్డ్‌కి నల్ పెట్టాల్సిందే, డాక్యుమెంటేషన్‌లో ఉన్న మినహాయింపూ అదే. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మామూలుగా రెండు నల్‌లను సమానంగా లెక్కించదు. జాంగో 1.11 నుంచి మోడల్‌ఫారమే ఆ ఖాళీని నల్‌గా మారుస్తుంది, ఎక్సెల్ అప్‌లోడ్‌లో మాత్రం మీరే మార్చాలి. వ్యాపారులకు ఆ నంబరు తప్పనిసరి అనుకుంటే ఫారం క్లీన్ మెథడ్‌లో (సొంత తనిఖీలు రాసే చోటు) చూసి యాడ్_ఎర్రర్‌తో ఆపండి. మోడల్‌ని కదపక్కర్లేదు.

బ్రాడీపేట:
అయితే ఊరు, ఈమెయిల్‌కి నల్ తీసేస్తాను. ఇప్పటికే నల్ పడిన వరుసల సంగతి?

అరండల్‌పేట:
మేక్‌మైగ్రేషన్స్ (మోడల్ మార్పులకు మైగ్రేషన్ ఫైలు తయారుచేసే కమాండ్) కొట్టగానే జాంగోనే అడుగుతుంది. ఒక్కసారికి వాడే డిఫాల్ట్‌గా ఖాళీ స్ట్రింగ్ ఇవ్వండి. ముందు బ్యాకప్ తీసుకోండి.