తిరుపతి గంగమ్మ జాతరలో బాబుకి వేషం వేయించాలి, ఏ రోజు వేయిస్తే మంచిది?

గోదారి_కోడలు:
అందరికీ నమస్కారం అండి. మాది కాకినాడ, అత్తగారిది తిరుపతి పాత ఊరు. పోయినేడు మా బాబుకి జ్వరం పట్టుకుని ఎంతకీ వదల్లేదు, అప్పుడు మా అత్తగారు తాతయ్యగుంట గంగమ్మకి మొక్కుకున్నారు, నయమైతే జాతరకి వేషం వేయిస్తానని. ఇప్పుడు వాడికి మూడేళ్ళు, బానే ఉన్నాడు, ఈ మే నెలలో మొక్కు తీర్చాలి. మా వైపు అమ్మవారి తీర్థాలు ఉన్నాయి గానీ ఈ వేషాల పద్ధతి లేదు కాబట్టి నాకు ఏమీ తెలీదు. రోజుకో వేషం అంట కదా, అసలు ఎందుకు రోజుకొకటి? చిన్నపిల్లాడికి ఏ రోజు తేలిక? ఇంకోటి, ఒక రోజు రోడ్డు మీద అందర్నీ బూతులు తిడతారని మా ఆయన అంటున్నారు, నిజమేనా, ఆ రోజు పిల్లాడిని బయటికి తీసుకెళ్ళొచ్చా? అత్తగారిని అడిగితే "అమ్మే చూసుకుంటాది" అంటారు అంతే.

పాతూరు_అన్న:
అక్కా, మాది గుడికి రెండు వీధుల అవతలే, నేను చిన్నప్పట్నించీ వేషం వేస్తా ఉండాను. ముందు కథ తెలిస్తే మిగతాదంతా అదే అర్థమవుతాది.

ఒకప్పుడు ఈ సీమని ఒక పాలెగాడు ఏలేవాడు, ఆడపిల్లల్ని బతకనిచ్చేవాడు కాదు, ఊళ్ళో కొత్తగా పెళ్ళైన పిల్ల ముందు వాడి దగ్గరికి పోవాలన్నంత దౌర్జన్యం. గంగమ్మ కైకాల కులం వాళ్ళ ఇంట్లో పెరిగి పెద్దదయింది, వాడి కన్ను ఆమె మీద కూడా పడింది, చెయ్యి పట్టుకోబోతే ఆమె అసలు రూపం చూసి పారిపోయి దాక్కున్నాడు. వాడిని వెతకడానికి అమ్మ రోజుకో వేషం వేసుకుని వీధి వీధీ తిరిగింది. మనం వేసేది ఆ వేషాలే.

మంగళవారం రాత్రి చాటింపు. దానికి ముందు అవిలాల నుంచి పుట్టింటి పసుపు కుంకుమ వస్తాయి, గుడి ముందర కొడిస్తంభానికి, అంటే అమ్మగా కొలిచే రాతి స్తంభానికి, అభిషేకం చేసి ఒడిబాలు (పసుపు బట్ట) కడతారు. బుధవారం బైరాగి వేషం, ఒళ్ళంతా తెల్ల నాముసుద్ద పూసుకుంటారు. గురువారం బండ వేషం, కుంకుమ పూత. శుక్రవారం తోటి వేషం, బొగ్గు పూసుకుని వేపాకు కట్టుకుంటారు. శనివారం దొర వేషం. ఈ రోజే అసలైన రోజు అక్కా. ఎవరో పెద్ద దొర వచ్చినాడనుకుని పాలెగాడు దాక్కున్న చోటి నుంచి బయటికొస్తాడు, అమ్మ వాడి తల నరుకుతాది. ఆదివారం మాతంగి, వాడి పెళ్ళాలు ఏడస్తా ఉంటే అమ్మే పోయి ఓదారుస్తాది. చంపింది ఆమే, ఓదార్చింది ఆమే, నాకైతే ఈ జాతర మొత్తంలో ఇంతకంటే పెద్ద సంగతి లేదు. సోమవారం సున్నపుకుండలు, ఒంటికి నల్లపూత, దాని మీద తెల్ల చుక్కలు, నెత్తిన సున్నం పూసిన కుండ. మంగళవారం జాతర. ఆ రాత్రి గుడి వాకిట్లో అమ్మ విశ్వరూపం మట్టితో చేస్తారు, తెల్లారేలోపు ఆ మట్టి రూపం చెంప నరుకుతారు, అంతే జాతర ముగిసినట్టు.

బాబుకైతే బైరాగి వేషం వేయించు అక్కా. సుద్ద కడిగితే పోతాది, చల్లగా ఉంటాది, మొదటి రోజు కాబట్టి జనం కూడా తక్కువే. బొగ్గు, నల్లపూతలు మూడేళ్ళోడికి వద్దు, మే నెల ఎండకి చెమట కారి కంట్లోకి దిగుతాది.

కొర్లగుంట_వదిన:
బూతుల గురించి నేను చెప్తా అమ్మా. నిజమే, బండ వేషం నాడు తిడతారు, తోటి నాడు కూడా వినపడతాయి. కానీ అది రౌడీతనం కాదు, తిట్టేది పాలెగాడిని. వాడు ఎక్కడ దాక్కున్నాడో తెలీదు కాబట్టి రెచ్చగొట్టి బయటికి లాగేదానికి అమ్మ తిట్టిందని మా అమ్మమ్మ చెప్పేది. తిట్టు పడినోళ్ళు కోప్పడరు, దండం పెట్టుకుని పోతారు. ఈ మధ్య కొంతమంది కుర్రాళ్ళు మొక్కూ లేదు, స్నానమూ లేదు, ఊరికే ఆడపిల్లల్ని ఏడిపించే దానికని ఆ రంగు పూసుకుని వస్తన్నారు. అది చూస్తే నాకు కడుపు మండుతాది. ఆడపిల్ల జోలికొచ్చినోడి తల తీసిన అమ్మ జాతర ఇది, ఇక్కడికొచ్చి అదే పని చేస్తారా! నువ్వు ఆ రెండు రోజులు పిల్లోడిని ఇంట్లోనే ఉంచు, తప్పేం లేదు.

కైకాల వాళ్ళు వేసే వేషం వేరు, మనం మొక్కుకి వేసేది వేరు, అది గుర్తుపెట్టుకో. వాళ్ళది వంశపారంపర్యంగా వస్తా ఉంది, ఆ వేషం వీధిలోకి వస్తే సాక్షాత్తూ గంగమ్మే వచ్చినట్టు. మీ వాకిట్లోకి వచ్చినప్పుడు పసుపునీళ్ళతో కాళ్ళు కడిగి హారతి ఇవ్వాలి. పిల్లోడి వేషం కంటే నువ్వు ఇది తప్పక చెయ్యి, మీ అత్త ఎట్లాగూ చేపిస్తాదిలే.

బెంగళూరు_తిరుపతోడు:
ఇంకో విషయం, టికెట్లు బుక్ చేసుకునే ముందు చూసుకోండి. చాటింపు వేసే టైంకి ఊళ్ళో ఉన్నవాళ్ళు జాతర అయ్యేదాకా పొలిమేర దాటి రాత్రి బయట పడుకోకూడదని మా ఇంట్లో గట్టిగా పట్టిస్తారు. అందుకే నేను సెలవు దొరకని ఏడు చాటింపు అయినాకే ఊళ్ళోకి పోతా.

పాతూరు_అన్న:
ఇప్పుడు అంత పట్టింపు అందరికీ లేదు బ్రో, ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు పొద్దున పోయి రాత్రికి వచ్చేస్తారు. కాకపోతే అక్కావాళ్ళది మొక్కు కదా, ఎనిమిది రోజులూ ఉండగలిగితే ఉండటమే మంచిది.

గోదారి_కోడలు:
చాలా థ్యాంక్స్ అండి అందరికీ, మా ఆయన కూడా ఇంత వివరంగా ఎప్పుడూ చెప్పలేదు. బైరాగి రోజే అనుకుంటున్నాం అయితే. ఇంకో డౌట్, మగపిల్లలకి చీర కూడా కడతారంట కదా? అత్తగారు చిన్న పట్టుచీర కొని పెట్టేశారు. మరి నేను ఏం చెయ్యాలి, ఆడవాళ్ళకి మొక్కులు ఏముంటాయి?

కొర్లగుంట_వదిన:
కడతారమ్మా, మాతంగి నాడు, జాతర నాడు చూడు, మీసాలున్న మగోళ్ళు చీర కట్టి, జడేసి, పూలు పెట్టుకుని, గాజులేసుకుని వస్తారు, ఎవరూ నవ్వరు. పెళ్ళాలు, అక్కచెల్లెళ్ళే కూచోబెట్టి కడతారు. ఆడదాని రూపం అమ్మ రూపం కాబట్టి ఏడాదికి ఒక పూట మగోడు ఆ రూపంలో నిలబడి దండం పెట్టుకోవాల. మీ అత్త చీర కొనిందంటే ఆమె మనసులో మాతంగో, జాతర రోజో ఉందన్నమాట, అడిగి చూడు. మొక్కుకుంది ఆమె కాబట్టి ఆమె మాటే నిలబెట్టు.

మనకైతే కొడిస్తంభానికి నీళ్ళు పోసి పసుపు కుంకుమ పెట్టేది, పొంగళ్ళు, అంబలి. జాతర నాడు గుడి చుట్టూ పొంగళ్ళ పొగే. కొంతమంది వేపాకు చీర మొక్కుకుంటారు. చివరి రోజు తెల్లారుజామున చెంప నరికినాక విశ్వరూపం మట్టి కొంచెం దొరికితే తెచ్చుకో, మేము పూజ గదిలో పెట్టుకుంటాం, పిల్లోళ్ళకి ఒళ్ళు బాగలేకపోతే నుదుటికి రాస్తాం. ఆ తోపులాటలోకి మాత్రం బాబుని ఎత్తుకుని పోవద్దు, మీ ఆయన్ని పంపించు.

పాతూరు_అన్న:
వదిన చెప్పింది కరెక్టే, చీర అయితే ఆదివారం పెట్టుకోండి, మంగళవారం జనంలో పిల్లోడు నలిగిపోతాడు. టీటీడీ నుంచి సారె వచ్చేది కూడా చూడాలక్కా, గంగమ్మ వెంకన్న చెల్లెలు కదా, అన్న ఇంటి నుంచి చీర, పసుపు కుంకుమ మేళతాళాలతో వస్తాయి. మా నాయన వాళ్ళ కాలంలో కొండకి పోయేవాళ్ళు ముందు గంగమ్మకి దండం పెట్టుకునే పైకి ఎక్కేవాళ్ళంట, ఇప్పుడు బస్సు దిగి నేరుగా అలిపిరికి పోతన్నారు. వేషానికి సుద్ద గుడి వీధిలోనే దొరుకుతాది, ముందే కొననక్కర్లేదు.