గీజర్ దీపం అయిదు నిమిషాలకే ఆరిపోతోంది: లోపం థర్మోస్టాట్‌దేనా?

హన్మకొండ గృహిణి
మా ఇంట్లో 15 లీటర్ల, 2000 వాట్ల గీజర్ ఉంది. నాలుగేళ్లుగా దానికి బోరు నీళ్లే వాడుతున్నాము. ఈ చలికాలం మొదలైనప్పటి నుంచి స్విచ్ వేసిన అయిదారు నిమిషాలకే టిక్కుమని ఎర్ర దీపం ఆరిపోతోంది, నీళ్లు మాత్రం గోరువెచ్చగానే వస్తున్నాయి. కాసేపటికి దీపం మళ్లీ వెలుగుతుంది, మళ్లీ ఆరుతుంది. థర్మోస్టాట్ మార్పించినా తేడా లేదు. ఇప్పుడు మిస్త్రీ దాన్ని తీసేసి డైరెక్ట్ చేస్తానంటున్నారు. డెబ్బై దాటిన మా అత్తగారు తెల్లవారుజామునే స్నానం చేస్తారు కాబట్టి నాకు భయంగా ఉంది.

కాజీపేట వైరింగ్ పని
అమ్మా, డైరెక్ట్ మాత్రం చేయించకండి. థర్మోస్టాట్ లేకపోతే నీళ్లు ఆగకుండా కాగుతాయి. వేడి మరీ పెరిగితే కరెంటు ఆపే కటౌట్, సేఫ్టీ వాల్వ్ కూడా పనిచేయని రోజున ట్యాంకే పగలవచ్చు.

మీరు చెప్పిన లక్షణాలను బట్టి ఇది సున్నం పని అనిపిస్తోంది. థర్మోస్టాట్ కడ్డీ కాయిల్ పక్కనే ఉన్న సన్నని గొట్టంలో ఉంటుంది. బోరు నీటిలోని సున్నం ఆ రెంటినీ కలిపి ముద్దకట్టినప్పుడు, కాయిల్ వేడి నీళ్లలోకి పోకుండా నేరుగా గొట్టానికి తగులుతుంది, నీళ్లన్నీ కాగాయనుకొని థర్మోస్టాట్ కరెంటు ఆపేస్తుంది. కొత్తది వేసినా అంతే చేస్తుంది. ఎమ్‌సీబీ ఆపి, ట్యాంకు ఖాళీ చేయించి, కింది ప్లేటు విప్పించి చూడండి.

లెక్కల మాస్టారు, జగిత్యాల
సమయం చూసినా ఇదే తెలుస్తుంది. 15 లీటర్ల నీటిని 20 డిగ్రీల నుంచి 60కి తేవడానికి సుమారు 0.7 యూనిట్ కావాలి, అంటే 2000 వాట్ల కాయిల్ ఇంచుమించు 21 నిమిషాలు పనిచేయాలి. చల్లని నీళ్లతో మొదలుపెట్టి అయిదు నిమిషాలకే ఆగితే ఆ వేడి నీళ్లకు చేరనట్టే.

కరీంనగర్ నుంచి ఇంగ్లండ్‌కు
ఇక్కడ ఇల్లంతటినీ వేడిచేసే గ్యాస్ బాయిలర్‌తో నాకూ ఇటువంటి ఇబ్బందే ఎదురైంది. గోడ మీది థర్మోస్టాట్ సరిగ్గా గదిని వేడిచేసే రేడియేటర్‌కు పైన ఉండేది. పాపం, అది తానున్న చోటి వేడినే ఎరుగుతుంది కాబట్టి, పడకగది వణుకుతుండగానే బాయిలర్‌ను ఆపేసేది. దాన్ని లోపలి గోడకు మార్పించి, బాయిలర్ నుంచి వెళ్లే నీటి వేడిని 75 డిగ్రీల నుంచి 60కి తగ్గించాను. ఇప్పుడు బాయిలర్ మాటిమాటికీ ఆగకుండా నిలకడగా మండుతోంది, తిరిగొచ్చే నీళ్లు 55 డిగ్రీల లోపే ఉండడంతో పొగలోని ఆవిరి నీరై, ఆ వేడి కూడా ఇంటికే దక్కుతోంది.

హన్మకొండ గృహిణి
నిన్న వేరే మిస్త్రీతో విప్పించాము. కాయిల్ కనిపించనే లేదు. గుడ్డు పెంకులను పొరలు పొరలుగా అతికించినట్లు తెల్లని గట్టి ముద్ద ఉంది, గీకితే పెచ్చులు అరచెంబుకు పైగా వచ్చాయి. ట్యాంకుకు తుప్పు పట్టకుండా వేసే మెగ్నీషియం కడ్డీ సన్నని తీగలా మిగిలింది, కొత్తది వేయించాము. ఈ ఉదయం దీపం 20 నిమిషాలు వెలిగి ఒక్కసారే ఆరింది.

కాజీపేట వైరింగ్ పని
సంతోషం అమ్మా. నీళ్లు ఎంత ఎక్కువ కాగితే సున్నం అంత ఎక్కువ దిగుతుంది, డయల్‌ను చివరిదాకా తిప్పకండి. వీలైతే గీజర్‌కు నల్లా నీళ్లు కలిపించండి.

హన్మకొండ గృహిణి
ఆదివారం ప్లంబర్‌ను రమ్మన్నాము.