మోచేతి వాపు నీటిలో ఈస్ట్ లాంటిది, మొగ్గలు మాత్రం లేవు: ప్రోటోథీకానా?

ప్రశ్న – ల్యాబ్‌బెంచ్:
మోచేతి కొన మీద బర్సా (కీలు దగ్గర ఉండే నీటి తిత్తి) వాపు. సిరంజితో లాగిన నీరు సాబురో అగార్ (ఫంగస్ పెంచే మాధ్యమం) మీద వేస్తే 30 డిగ్రీల దగ్గర మూడో రోజుకి మీగడ రంగు కాలనీలు వచ్చాయి, అచ్చం కాండిడా అనే ఈస్ట్‌లా. జెర్మ్ ట్యూబ్ (కాండిడా ఆల్బికాన్స్‌ని గుర్తించే పరీక్ష) నెగెటివ్. సైక్లోహెక్సిమైడ్ (కొన్ని ఫంగస్‌లను ఆపే రసాయనం) ఉన్న ప్లేటులో ఏమీ పెరగలేదు. మౌంటులో (మైక్రోస్కోప్ కింద చూసే స్లైడులో) ఒక్క మొగ్గా కనబడలేదు. ప్రోటోథీకా అనుకోవచ్చా? ఫంగస్ మందు ఫ్లుకోనజోల్ సరిపోతుందా?

జవాబు – అగార్‌ప్లేట్:
చాలావరకు అదే. లాక్టోఫీనాల్ కాటన్ బ్లూ మౌంటు మళ్ళీ వేసి, గుండ్రటి పెద్ద కణాల లోపల చూడండి. మధ్యలో ఒకటి, చుట్టూ ఒరుసుకుంటూ మరికొన్ని చిన్న కణాలు, విచ్చిన పువ్వులా కనిపిస్తే అవి ఎండోస్పోర్లు. తల్లికణం గోడ చిట్లితే బయటపడతాయి. మొగ్గ తొడగడం దీనికి లేదు, ఎందుకంటే ఇది ఫంగస్ కాదు, పత్రహరితం పోగొట్టుకున్న శైవలం (ఆల్గే). కణాలు 3–10 మైక్రాన్లుండి, ట్రెహలోజ్ (ఒక చక్కెర) పరీక్ష పాజిటివ్ అయితే అది ప్రోటోథీకాలో వికర్‌హామియై అనే జాతి. కాలనీ పచ్చగా ఉంటే మాత్రం క్లోరెల్లా అనే పచ్చ శైవలం వైపు చూడాలి.

బయాప్సీకి పంపితే పీఏఎస్, జీఎంఎస్ (కణం గోడను చూపించే) రంగులు వేయమని ఫారం మీదే రాయండి. మామూలుగా వేసే హెచ్ అండ్ ఈ రంగులో ఇది సులువుగా తప్పించుకుంటుంది. మనిషిలో మొదటి కేసు 1964లో నమోదైంది, సియెరాలియోన్‌లో ఓ వరి రైతు పాదం మీద. మడిలో దిగే మన రైతులకు మానని పుండు ఉన్నా దీన్ని గుర్తుచేసుకోవాలి.

జవాబు – వార్డ్‌రౌండ్:
ఫ్లుకోనజోల్ మీద ఆధారపడకండి, చాలాసార్లు లొంగదు. కాస్పోఫంగిన్ జాతి మందులూ పనిచేయవు. కణపు పొరలో ఎర్గోస్టెరాల్ (ఫంగస్‌లలోనూ ఉండే కొవ్వు పదార్థం) ఉంది కాబట్టే ఆంఫోటెరిసిన్ అనే మందుకు పట్టు దొరుకుతుంది.

బర్సా ఒక్కటే అయితే సర్జన్‌తో మొత్తం తీయించడమే మేలు. ఊరికే నీరు లాగుతుంటే మళ్ళీ నిండుతుంది. వాపు తగ్గడానికని అందులో స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయనివ్వకండి. చర్మం మీద ఉంటే ఇట్రాకొనజోల్ రోజుకు 200 మిల్లీగ్రాములు, కనీసం రెండు నెలలు. రక్తంలోకి పాకితే, లేదా రోగనిరోధక శక్తి పడిపోయినవాళ్ళైతే లైపోసోమల్ ఆంఫోటెరిసిన్, కిలోకి 3–5 మిల్లీగ్రాములు. సెంట్రల్ లైన్ (పెద్ద సిరలో పెట్టిన గొట్టం) ఉంటే తీసేయాలి.

జవాబు – డ్రిప్‌స్టాండ్:
ఆంఫోటెరిసిన్‌ని 5 శాతం డెక్స్‌ట్రోజ్‌లోనే కలపాలి. సెలైన్ తగిలితే మందు ముక్కలుగా విరిగిపోతుంది, కాబట్టి లైను కడగడానికీ డెక్స్‌ట్రోజే వాడండి. పొటాషియం, మెగ్నీషియం, క్రియాటినిన్ చూస్తూ ఉండాలి.

ఇట్రాకొనజోల్ క్యాప్సూల్ అన్నం తిన్న వెంటనే వేయించండి. పాంటోప్రజోల్ (కడుపులో ఆమ్లం తగ్గించే మందు) వాడుతుంటే మందు సరిగా ఒంటబట్టదు, "ఇట్రా పనిచేయలేదు" అనేవాటిలో కొన్ని ఇలాంటివే. గుండె వైఫల్యం ఉన్నా, సిమ్వాస్టాటిన్ (కొలెస్ట్రాల్ మందు) వాడుతున్నా ఇది ఇవ్వకూడదు.