బస్తీలో సాయంత్రపు పిల్లల కేంద్రానికి నిధులు: సీఎస్‌ఆర్, అమెరికా డబ్బు, బడ్జెట్‌పై సందేహాలు

ప్రశ్న (సొసైటీ కార్యదర్శి, హనుమకొండ):
మా సొసైటీ రిజిస్టరై 14 నెలలైంది. కూలికీ, ఇళ్లలో పనికీ వెళ్లే తల్లుల పిల్లల కోసం సాయంత్రం 4 నుంచి 7.30 దాకా కేంద్రం నడుపుతున్నాం. 6 నుంచి 13 ఏళ్ల పిల్లలు 40 మంది వస్తున్నారు. హోంవర్క్ చేయించడం, ఏదో ఒకటి తినిపించడం, తల్లి వచ్చేదాకా భద్రంగా ఉంచడం, ఇదే పని. ఆదాయపు పన్ను శాఖ నుంచి 12ఏ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (దాతలకు పన్ను మినహాయింపు) వచ్చాయి. మూడు సందేహాలు. ఒక కంపెనీవాళ్లు సీఎస్‌ఆర్ (కంపెనీలు లాభాల్లో కొంత సమాజ సేవకు ఖర్చుపెట్టడం) కింద ఇవ్వడానికి సీఎస్‌ఆర్-1 నంబరు అడిగారు, అది తీసుకుంటే డబ్బు వస్తుందా? మా అధ్యక్షుడి బాబాయి గారు అమెరికా నుంచి 5,000 డాలర్లు పంపుతానంటున్నారు, సొసైటీ ఖాతాలో వేయించుకోవచ్చా? మూడోది బడ్జెట్. జీతాలే ఎక్కువున్నాయని ఒక దాత మా కాగితం వెనక్కిచ్చారు, ఎలా రాయాలి?

జవాబు (సంస్థల లెక్కలు చూసే ఆడిటర్):
మొదటిదానికి సూటిగా చెప్తాను: ఇప్పుడే రాదండీ. సీఎస్‌ఆర్-1 అంటే కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్లో మీ సంస్థను నమోదు చేసుకోవడం, అంతే. 2021 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి చేశారు. సంస్థ పాన్, 12ఏ, 80జీ ఉత్తర్వులు పెట్టి, మీలో ఒకరి డిజిటల్ సంతకంతో పంపాలి. దాన్ని ప్రాక్టీసులో ఉన్న సీఏ గానీ, కంపెనీ సెక్రటరీ గానీ, కాస్ట్ అకౌంటెంట్ గానీ ధ్రువీకరించాలి. ఫారం కష్టమేం కాదు. మీకు అడ్డొచ్చేది వేరే ఉంది. కంపెనీ సొంతంగా గానీ ప్రభుత్వం గానీ పెట్టిన సంస్థ కాకపోతే, అలాంటి పనే కనీసం మూడేళ్లు చేసిన అనుభవం ఉండాలని సీఎస్‌ఆర్ నిబంధనల్లో నాలుగో నిబంధన. మీకు 14 నెలలే. ఏజెంటు ఎవరైనా "నంబరు తెప్పిస్తా, నిధులూ ఇప్పిస్తా" అని ముందే కమీషన్ అడిగితే దణ్ణం పెట్టి పంపేయండి.

ఈలోపు ఒక దారి ఉంది. మూడేళ్లు దాటి, పిల్లలతోనే పనిచేస్తున్న పెద్ద సంస్థతో కలవండి. ప్రాజెక్టు వాళ్ల పేరున ఉంటుంది, జీతాలూ అద్దే వాళ్ల ఖాతా నుంచే నేరుగా వెళ్తాయి, బిల్లులు వాళ్ల పేరునే రావాలి. డబ్బు మీ ఖాతాలోకి మళ్లించి మీరు ఖర్చుపెట్టడం కాదు. ఈ తేడా ఒప్పందంలో రాసుకోకపోతే ఆడిట్‌లో ఇద్దరూ ఇరుక్కుంటారు.

ఇంకో మాట. సీఎస్‌ఆర్‌ను తప్పనిసరి చేసే కంపెనీల చట్టం సెక్షన్ 135 వర్తించేది నికర విలువ రూ. 500 కోట్లు, లేదా టర్నోవర్ రూ. 1,000 కోట్లు, లేదా నికర లాభం రూ. 5 కోట్లు ఉన్న కంపెనీలకే. ఊళ్లో రైస్ మిల్లు, నగల దుకాణం, చిట్‌ఫండ్ వాళ్లలో చాలామంది ఆ లెక్కలోకి రారు. వాళ్లు ఇచ్చేది మామూలు విరాళం, సీఎస్‌ఆర్-1తో పనిలేదు, 80జీ రసీదు చాలు. మొదటి మూడేళ్లూ మీరు తట్టాల్సిన తలుపులు అవి.

జవాబు (విదేశీ విరాళాల నిబంధనలు చూసే సభ్యురాలు):
బాబాయి గారి పాస్‌పోర్టు ఏ దేశానిది? ముందు తేల్చుకోవాల్సింది ఇదే.

భారత పాస్‌పోర్టే ఉంటే, తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపింది విదేశీ విరాళం కిందికి రాదు. పాస్‌పోర్టు నకలు, పాన్, "ఇది నా సొంత డబ్బు" అని ఒక లేఖ తీసుకుని ఫైల్లో పెట్టుకోండి. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డు (భారత మూలాలున్న విదేశీ పౌరులకు ఇచ్చేది) ఉన్నా సరే, చట్టం దృష్టిలో ఆయన విదేశీయుడే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా ఒక్క డాలరు కూడా తీసుకోకూడదు. ఇక్కడికొచ్చి రూపాయల్లో చెక్కు రాసిచ్చినా అంతే. చట్టం చూసేది ఇచ్చిన మనిషిని, నోటును కాదు.

నమోదుకు మామూలుగా మూడేళ్ల ఉనికి, ఆ మూడేళ్లలో అసలు కార్యక్రమాలపై కనీసం రూ. 15 లక్షల ఖర్చు చూపాలి. డబ్బు రావాల్సింది ఢిల్లీలోని ఎస్‌బీఐ ప్రధాన శాఖలో తెరిచిన ప్రత్యేక ఖాతాకే. 2020 సవరణ తర్వాత పరిపాలనా ఖర్చు 20 శాతం దాటకూడదు. ఆ డబ్బును ఇంకో సంస్థకు ఇవ్వడానికీ లేదు, కాబట్టి "ఎఫ్‌సీఆర్‌ఏ ఉన్న వేరే సంస్థకు వేస్తారు, వాళ్లు మాకిస్తారు" అన్న దారి కూడా మూసుకుపోయింది. కొత్త సంస్థలకు మిగిలింది ముందస్తు అనుమతే: ఫలానా దాత, ఫలానా మొత్తం, ఫలానా పని అని చెప్పి, దాత హామీ లేఖ జతచేసి అడగాలి. 5,000 డాలర్ల కోసం అంత శ్రమ దండగని నా అభిప్రాయం.

"ఇక్కడున్న తమ్ముడి ఖాతాలో వేసి, రసీదు తమ్ముడి పేరున రాద్దాం" అని తప్పకుండా ఎవరో ఒకరు సలహా ఇస్తారు. అది అబద్ధపు రసీదు. సంతకం చేసేది మీరు, తమ్ముడు కాదు.

జవాబు (పిల్లల కార్యక్రమాల ప్రతిపాదనలు రాసే సభ్యుడు):
జీతాలు ఎక్కువున్నాయని తగ్గించకండి. పిల్లల భద్రత అంటే మనుషుల ఖర్చేనండీ. దాతలు ట్యాబ్‌లు, గోడల మీద బొమ్మలు, బ్యాగులు అడక్కుండానే ఇస్తారు. 7 గంటలకు గేటు దగ్గర నిలబడే ఆయమ్మ జీతం మాత్రం ఎవరికీ నచ్చదు. 40 మందికి నెల లెక్క ఇలా వేయండి, మీ ఊరి ధరలకు సరిచూసుకోండి:

ఇద్దరు టీచర్లు రూ. 14,000
ఆయమ్మ రూ. 6,000
చిరుతిండి రూ. 11,520 (తలకు రోజుకు రూ. 12, 24 రోజులు)
అద్దె రూ. 5,000
కరెంటు, నీళ్లు రూ. 1,200
పుస్తకాలు, చాక్‌పీసులు, ఫినాయిలు రూ. 1,500

మొత్తం రూ. 39,220, ఏడాదికి రూ. 4,70,640. దానికి ఒకేసారి అయ్యే ఖర్చు రూ. 30,000 (గేటు గడియ, మంటలార్పే సిలిండరు, మందుల పెట్టె, మరుగుదొడ్డికి లోపలి గడియ, లైటు), సిబ్బంది శిక్షణ రూ. 12,000, ఆడిట్ రూ. 15,000 కలిపితే రూ. 5,27,640. ఒక పిల్లకు నెలకు సుమారు రూ. 1,100. దాతకు ముందు ఈ ఆఖరి అంకె చెప్పండి, పట్టిక తర్వాత చూపండి. "జీతాలు 51 శాతం" అంటే ముఖం చిట్లించే మనిషి, "నెలకు 1,100తో ఒక పిల్లకు తిండీ, చదువూ, తల్లి వచ్చేదాకా కాపలా" అంటే కూర్చుని వింటాడు.

"ఆయమ్మ" అని ఒక్క ముక్క రాసి వదిలేయకండి, ఆమె చేసే పని కూడా రాయండి. పిల్లల్ని అప్పగించే రిజిస్టరు ఆమె దగ్గరే ఉండాలి. దాంట్లో అయిదు గళ్లు: పిల్ల పేరు, వెళ్లిన టైము, తీసుకెళ్లినవాళ్లు, వరస, సంతకం లేదా వేలిముద్ర. చేరేటప్పుడే తల్లి రాసిచ్చిన ఇద్దరు ముగ్గురు పేర్లలో లేని మనిషి వస్తే, మేనమామనన్నా సరే, తల్లికి ఫోను చేయకుండా పంపకూడదు. చాలాచోట్ల ఈ రిజిస్టరును నెలాఖరున కూర్చుని ఒకే పెన్నుతో నింపేస్తారు. చూసే కన్నుకు అది వెంటనే తెలిసిపోతుంది.

ప్రతిపాదనకు ఒక పేజీ భద్రతా నియమాలు జతచేయండి. సిబ్బందికి పోలీసు వెరిఫికేషన్, పెద్దవాళ్లెవరూ ఒక్క పిల్లతో తలుపు మూసిన గదిలో ఉండకపోవడం, పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు గోడమీద పిల్లల కంటికి అందే ఎత్తులో. లైంగిక వేధింపు అనుమానం వస్తే పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) సెక్షన్ 19 ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు, సంస్థను నడిపేవారు తమ కింది సిబ్బంది చేసిన నేరాన్ని చెప్పకపోతే ఏడాది దాకా. కమిటీ వేసి పిల్లను మళ్లీ మళ్లీ అడగడం మన పని కాదు.

ఒక హెచ్చరిక: "రాత్రికి కూడా ఉంచుకోండి, ఇంకో రెండు లక్షలు ఇస్తా" అనే దాత తగులుతాడు. ఆదరణ అవసరమైన పిల్లల్ని రాత్రిళ్లు ఉంచుకుంటే బాలల న్యాయ చట్టం సెక్షన్ 41 కింద నమోదు కావాలి. లేకపోతే ఏడాది దాకా జైలు, లేదా లక్షకు తగ్గని జరిమానా, లేదా రెండూ.

ప్రశ్న (కార్యదర్శి):
చాలా మేలు చేశారండీ. బాబాయి గారిది అమెరికా పాస్‌పోర్టేనట, ఆ సంగతి వదిలేస్తున్నాం. స్థానిక వ్యాపారి ఒకరు రూ. 25,000 నగదుగా ఇస్తానంటున్నారు. తన పుట్టినరోజున కేంద్రానికొచ్చి కేక్ కోసి, పిల్లలతో ఫొటోలు దిగి ఫేస్‌బుక్‌లో పెడతారట. వద్దంటే డబ్బు పోతుందేమో.

జవాబు (ఆడిటర్):
నగదు వద్దనండి, ఆయన మేలుకే. రూ. 2,000 దాటిన నగదు విరాళానికి 80జీ మినహాయింపు రాదు. ఈ మాట చెప్తే వ్యాపారి తనే ఆన్‌లైన్‌లో పంపుతాడు. కేకు, బ్యాగులు లాంటి వస్తువులకూ మినహాయింపు లేదు. పాన్ నంబరు అప్పుడే తీసుకోండి, ఏటా మే 31లోగా దాతల వివరాల స్టేట్‌మెంటు వేయాలి, ఆలస్యమైతే రోజుకు రూ. 200 రుసుము. మీరిచ్చే వైపు కూడా ఒకటి గుర్తుంచుకోండి: ఒకే మనిషికి ఒకే రోజు రూ. 10,000 మించి నగదు ఇస్తే ఆ ఖర్చు లెక్కలోకి రాదు. అద్దె, జీతాలు ఖాతాలోనే వేయండి.

జవాబు (ప్రతిపాదనలు రాసే సభ్యుడు):
రమ్మనండి, కేకు కోయమనండి. ఫొటో మాత్రం పిల్లల వెనక నుంచి, ఆయన ముఖం కనిపించేలా తీయండి. ఆయనకు కావాల్సింది తన ముఖమే కదా. సంరక్షణ అవసరమైన పిల్లల గుర్తింపు బయటపెట్టడాన్ని బాలల న్యాయ చట్టం సెక్షన్ 74 నిషేధిస్తోంది, మీ 40 మందిలో అలాంటి పిల్ల ఎవరో ఫొటో తీసేవాడికి తెలీదు. మిగతావాళ్లకైనా తల్లిదండ్రుల రాతపూర్వక సమ్మతి ఉండాలి. బ్యానర్ మీద బస్తీ పేరు, బడి పేరు వద్దు. కుదరదంటే, కేకు ఉదయం ఆయన దుకాణంలోనే కోసుకుని సాయంత్రం పిల్లలకు గుడ్లు, గుగ్గిళ్లు పంపమనండి. చాలామంది దీనికి ఒప్పుకుంటారు.