ప్రింట్ చేసిన ఫోర్స్ సెన్సర్లు: నెల్లూరు, ఒంగోలు వైపు ఎవరైనా అమ్మకం దాకా తీసుకెళ్లారా?

కావలి_ఈసీఈ
అందరికీ నమస్కారం. నేనూ మా ఫ్రెండూ నెల్లూరులో ఒక పెళ్లికార్డుల స్క్రీన్ ప్రింటింగ్ షాపులో ఫోర్స్ సెన్సర్లు (ఎంత గట్టిగా నొక్కారో పసిగట్టే షీట్లు) వేయిస్తున్నాం. కింద పాలిస్టర్ షీటు మీద వెండి ఇంకుతో గీతలు, రెండు దువ్వెనల పళ్లు ఒకదాంట్లో ఒకటి దూర్చినట్టు. పైన ఇంకో షీటు, దాని లోపలి వైపు కార్బన్ ఇంకు. మధ్యలో అంచుల వెంట డబుల్ సైడ్ గమ్. వేలితో నొక్కితే రెసిస్టెన్స్ (కరెంటుకు అడ్డు) పడిపోతుంది, గట్టిగా నొక్కేకొద్దీ ఇంకా పడిపోతుంది. కాలేజీ ప్రాజెక్టుగా మంచి పేరొచ్చింది. ఇప్పుడు దీన్ని సరుకుగా అమ్మాలనుంది. రొయ్యల గుంటల దగ్గర తూకం మిషన్ చేద్దామని ఒక ఆలోచన. ఈ దారిలో ముందు వెళ్లినవాళ్లు ఎవరైనా చెప్పండి.

ఒంగోలు_లెక్చరర్
తూకం ఆలోచన వదిలెయ్ తమ్ముడూ. ఈ రకం సెన్సర్ మీద బరువు పెట్టి అలాగే ఉంచితే రీడింగ్ నిలబడదు, మెల్లగా జరుగుతూనే ఉంటుంది. బరువు ఎక్కించేటప్పుడు ఒక లెక్క చూపిస్తుంది, దించేటప్పుడు ఇంకో లెక్క. పైగా సరుకు అమ్మే కాటాకు లీగల్ మెట్రాలజీ (తూనికలు కొలతల శాఖ) వాళ్ల ముద్ర పడాలి, అది 2009 చట్టం. కాటాలో ఉండేది లోడ్ సెల్ అనే లోహపు బరువు సెన్సర్, దాని కచ్చితత్వం ప్రింటెడ్ షీటుకు రాదు.

"నొక్కారా లేదా, మెల్లగానా గట్టిగానా" అని మాత్రమే తెలిస్తే చాలనే చోటు వెతుక్కో. కార్లలో చూడు. 2019 జులై 1 తర్వాత మన దేశంలో తయారైన కార్లలో డ్రైవర్ పక్కన కూర్చున్న మనిషి బెల్టు పెట్టుకోకపోయినా మోత మోగుతుంది. మనిషి కూర్చున్నాడని తెలియడానికి చాలా కార్లలో సీటు కవరు కింద ఉండేది ఇలాంటి ప్రింటెడ్ షీటే. ఆ సీట్లో బియ్యం బస్తా పెట్టినా అరుస్తుంది. ఎంత బరువో దానికి అక్కర్లేదు, ఉందా లేదా తెలిస్తే చాలు. లక్సెంబర్గ్‌లో 1989లో మొదలైన ఐఈఈ అనే కంపెనీ ఇలాంటి సీటు సెన్సర్లతోనే ఎదిగింది.

ట్రంకురోడ్డు_ప్రింటర్
నేను ప్రింటింగ్ లైన్‌లోనే ఉన్నాను. మెంబ్రేన్ కీప్యాడ్లు (పల్చటి షీటు బటన్లు) కూడా వేస్తాం. కార్డు మీద గోల్డ్ ఇంకు కాస్త మందంగా పడితే ఎవరూ అడగరు. ఇక్కడ మందం మారితే రెసిస్టెన్సే మారిపోతుంది.

షీటు మీద ఏమీ వేయకముందే ఒకసారి ఓవెన్‌లో పెట్టి తీయండి. పాలిస్టర్ వేడికి కుంచించుకుపోతుంది. వెండి ఇంకు 120 డిగ్రీల దగ్గర ఆరబెట్టి, దాని మీద రెండో ఇంకు వేయబోతే రిజిస్ట్రేషన్ (ఒక పొర మీద ఇంకో పొర సరిగ్గా కూర్చోవడం) తప్పేది అందుకే. ముందే కుంచించుకున్న షీటు తర్వాత పెద్దగా కదలదు. ఇంకు డబ్బా అడుగున వెండి పేరుకుంటుంది, ప్రతిసారీ అడుగు నుంచి కలపాలి, నెమ్మదిగా, బుడగలు లేకుండా. మెష్ (ఇంకు దిగే జల్లెడ గుడ్డ) బిగువు కొలిచే మీటరు కొనుక్కోండి. పొద్దున వేసిన షీట్లలోంచి, సాయంత్రం వేసిన షీట్లలోంచి మూలల్లో పీసులు, నడిమిలో పీసులు తీసి కొలిచి పుస్తకంలో రాయండి. మీ దగ్గర కొనేవాడికి చూపించాల్సింది ఆ పుస్తకమే.

కందుకూరు_టు_చెన్నై
ప్రింటర్ అన్న చెప్పింది అక్షరాలా నిజం. నేను ఎలక్ట్రానిక్స్ కంపెనీలో పర్చేజ్‌లో ఉన్నాను. సెన్సర్ పనిచేస్తుందా అని మేం అడగం. పదివేల పీసులు తీసుకుంటే ఒకదానికీ ఇంకోదానికీ తేడా ఎంత, ఏడాది తర్వాత అదే రీడింగ్ ఇస్తుందా, ఇవే అడుగుతాం.

ఈ రంగం కొత్తదేం కాదు. అమెరికాలో ఇంటర్‌లింక్ 1985 నుంచి ఉంది. ఇంగ్లండ్‌లో డేవిడ్ లస్సీ అనే ఆయన 1996లో నికెల్ రేణువులు కలిపిన రబ్బరు లాంటి పదార్థం కనిపెట్టాడు. ఊరికే ఉంటే కరెంటు పారదు, నొక్కితే పారుతుంది. పెరాటెక్ కంపెనీ దాన్ని ఇంకుగా మార్చి అమ్మకానికి తెచ్చింది.

ఫోన్ల వైపు మాత్రం చూడకండి. ఐఫోన్‌లో 2015లో త్రీడీ టచ్ (స్క్రీన్ గట్టిగా నొక్కితే వేరే పని చేసేది) వచ్చింది, 2019 మోడళ్లలో తీసేశారు. అది కెపాసిటివ్ పద్ధతి (నొక్కినప్పుడు గాజుకూ సెన్సర్లకూ మధ్య దూరం మారడాన్ని కొలిచేది), మీది వేరు. కానీ గట్టిగా నొక్కాల్సింది ఎక్కడో స్క్రీన్ చూస్తే తెలిసేది కాదు, చాలామంది వాడనే లేదు. నా మాట వింటే సెన్సర్‌ను విడిగా అమ్మకండి. మామూలు టచ్ పనిచేయని చోటు పట్టుకుని, అక్కడికి మొత్తం ప్యానెల్ చేసి అమ్మండి.

విడవలూరు_ఆక్వా
అబ్బాయ్, ఆ చోటు మా గుంటల దగ్గరే ఉంది. తెల్లారుజామున ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఆ టైములో కరెంటు పోతే జనరేటర్ వేసి, ఏరియేటర్లు (నీళ్లలో గాలి కలిపే మోటర్లు) వెంటనే ఆన్ చేయాలి. ఆలస్యమైతే రొయ్య పైకి తేలిపోద్ది, పెట్టుబడంతా పోయినట్టే. చేతులకు ఉప్పు నీళ్లు, బురద. టచ్ ప్యానెల్ పెట్టిచ్చుకున్న మా పక్కాయన తడి చేత్తో తాకితే ఒకటి నొక్కితే ఇంకోటి పడతా ఉంది. మామూలు పుష్ బటన్లు ఉప్పు గాలికి తుప్పుపట్టి ఇరుక్కుంటాయి.

నాకు కావాల్సింది ఒకటే. ఆన్ చేయడానికి మామూలుగా నొక్కితే చాలు. ఆఫ్ కావాలంటే మాత్రం గట్టిగా అదిమి పట్టుకోవాలి. ఎవరి మోచెయ్యో తగిలి మోటర్లు ఆగిపోకూడదు. అది చేయగలిగితే మా ఊళ్లోనే కొనేవాళ్లున్నారు.

ఒంగోలు_లెక్చరర్
ఇది భలే బాగుంది! ఎంత గట్టిగా నొక్కారో తెలియడం నిజంగా పనికొచ్చే చోటు ఇదే. కచ్చితత్వం అక్కర్లేదు, మెల్లగా, గట్టిగా అని రెండు మెట్లు చాలు. ఒక సూచన: ప్రోగ్రాంలో రెసిస్టెన్స్‌ను నేరుగా వాడకు, ఒకటిని దానితో భాగించిన విలువ వాడు. అది బలంతో పాటు దాదాపు సమంగా పెరుగుతుంది, మెట్టు ఎక్కడ పెట్టాలో సులువుగా తేలుతుంది.

కానీ సముద్రం పక్కన పెద్ద గండం ఉంది. గాలిలో తేమ, గీతల మధ్య ఎప్పుడూ వోల్టేజి, రెండూ ఉంటే వెండి ఒక గీత నుంచి పక్క గీతకు చెట్టు కొమ్మలు వేసినట్టు పాకుతుంది. చివరికి షార్ట్. ఎవరూ నొక్కకుండానే నొక్కినట్టు చూపిస్తుంది. వెండి గీతల మీద కార్బన్ ఇంకు పూత కప్పించు. రీడింగ్ తీసుకునే క్షణంలోనే వోల్టేజి ఇవ్వు, మిగతా సమయం ఆపెయ్. ఇంతకీ గాలి పోయే సందు ఎక్కడ పెట్టావు?

కావలి_ఈసీఈ
షీటు పక్క అంచులో పెట్టాం సార్.

ట్రంకురోడ్డు_ప్రింటర్
అక్కడ వద్దు, తేమ నేరుగా లోపలికి పోతుంది. అలాగని మొత్తం మూసేస్తే లోపలి గాలి ఎండకు ఉబ్బి షీటు బుడ్డలా లేస్తుంది. కనెక్టర్‌కు పోయే తోక వెంట సన్నటి దారి వదిలి, దాని నోరు ప్యానెల్ డబ్బా లోపల తెరుచుకునేలా చేయండి. డబ్బాకు మంచి గాస్కెట్ ఉండాలి.

కందుకూరు_టు_చెన్నై
డబ్బు సంగతి. కేంద్రం నిధి ప్రయాస్ అనే పథకం కింద ప్రోటోటైప్‌కు 10 లక్షల దాకా గ్రాంటు ఇస్తుంది, ఇంక్యుబేటర్ (కొత్త కంపెనీలకు చేయూతనిచ్చే సంస్థ) ద్వారా అప్లై చేయాలి. దువ్వెన డిజైన్‌కు పేటెంట్ రాదు, అది పాతదే. ఆఫ్ చేసే పద్ధతిలో ఏదైనా కొత్తదనం ఉందనుకుంటే ముందు ప్రొవిజనల్ (తాత్కాలిక పేటెంట్ అప్లికేషన్) వేయండి. ఆన్‌లైన్‌లో వ్యక్తులకు ఫీజు 1,600 రూపాయలు, పూర్తి అప్లికేషన్‌కు 12 నెలల గడువు. అది వేసేదాకా వివరాలూ ఫొటోలూ ఎక్కడా పెట్టకండి. ప్రింటెడ్ ఎలక్ట్రానిక్స్‌లో సాంకేతిక సాయం కావాలంటే ఐఐటీ కాన్పూర్‌లో ఫ్లెక్సిబుల్ ఎలక్ట్రానిక్స్ జాతీయ కేంద్రం ఉంది, రాసి చూడండి.

విడవలూరు_ఆక్వా
ఈశాన్య రుతుపవనాల వానలు మొదలయ్యేలోపు ఒకటి తెచ్చి నా ప్యానెల్‌కు బిగించండి. పాత బటన్ పక్కనే ఉంచుతా, ఇబ్బంది లేదు. ఆ వానా తేమా తట్టుకుంటే ఇంక ఎక్కడైనా తట్టుకుంటది.

కావలి_ఈసీఈ
తప్పకుండా తెస్తాం అన్నా. ప్రింటర్ అన్నా, చివరిగా ఒకటి. పైన గుర్తులు వేసే షీటు పాలికార్బొనేట్ తీసుకోవాలా, పాలిస్టరా?

ట్రంకురోడ్డు_ప్రింటర్
పాలిస్టరే. పాలికార్బొనేట్ నొక్కి నొక్కి వంగేచోట పగుళ్లిస్తుంది. ఎండలో ఉండేది కాబట్టి యూవీ పూత ఉన్న రకం అడగండి, మామూలుది పసుపెక్కి పెళుసైపోతుంది. గుర్తులు షీటు వెనక వైపు వేయించండి, బురద చేతులకు చెరిగిపోవు.