అప్‌డేట్: బిడది దగ్గర రూము గోల ఇలా తీరింది

సెలవుల్లో పిల్లల్ని బెంగళూరు పక్కన బిడది దగ్గరున్న వండర్‌లా వినోద పార్కుకు తీసుకెళ్లాలి, దగ్గర్లో రూము రేట్లు మండిపోతున్నాయి, ఏం చేయాలని చిత్తూరు నుంచి అడిగాను కదా. వెళ్లొచ్చాం.

పార్కు దగ్గరి ఒక హోటల్ వాళ్లు ఫోన్లో చెప్పిన రేటును, శనివారం అనేసరికి రెట్టింపు చేశారు. పైగా రూము అద్దె రోజుకు 7,500 దాటితే జీఎస్టీ 18 శాతం. ఆ లోపయితే 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతమే. అందుకే మీలో ఒకరు చెప్పినట్టు బెంగళూరు నడిబొడ్డున మెజెస్టిక్ బస్టాండు దగ్గర లాడ్జిలో దిగాం. పర్పుల్ లైన్ మెట్రోలో చల్లఘట్ట, అక్కడి నుంచి మైసూరు రోడ్డు మీద బస్సు. డబ్బు మిగిలింది. కాకపోతే సాయంత్రం తడి బట్టల సంచీతో, నిద్రకు తూగే చిన్నదాన్ని ఎత్తుకుని రావడం... మా ఆవిడ ఇంకా దెప్పుతూనే ఉంది.