జిమ్ మిషన్ చెప్పే కొవ్వు శాతాన్ని నమ్మొచ్చా?

కొత్తమెంబర్_అనంతపురం:
అన్నా, ఒకే వారంలో ఒక జిమ్‌లో 24 శాతం, ఇంకో జిమ్‌లో 31 వచ్చింది. ఏది నిజం?

సీమ_లిఫ్టర్:
రెండూ అంచనాలేప్పా. మిషన్ కొవ్వును నేరుగా కొలవదు. ఒంట్లోకి సన్నటి కరెంటు పంపి, ఎంత అడ్డు తగిలిందో చూసి లెక్క కడుతుంది. కండలో నీళ్లెక్కువ, కరెంటు సులువుగా పోతుంది, కొవ్వులో పోదు. మన ఎండలకు ఒంట్లో నీళ్లు తగ్గితే అడ్డు పెరుగుతుంది, దాన్నీ కొవ్వు ఖాతాలోనే రాసేస్తుంది. పైగా కాళ్ల కింద పలకలే ఉంటే కరెంటు ఎక్కువగా నడుము కిందనే తిరుగుతుంది, చేత్తో పట్టుకునేదైతే పైభాగంలో. కంపెనీకో ఫార్ములా. అందుకే ఒకే మిషన్, పరగడుపున, మూత్రానికి పోయొచ్చి, వర్కవుట్‌కు ముందు, ఒట్టి కాళ్లతో. నెలకోసారి చాలు. అంకె కాదు, అది ఎటు పోతోందో చూడు. పేస్‌మేకర్ ఉన్నోళ్లు ఎక్కొద్దు.

క్యాలిపర్_కడప:
క్యాలిపర్, అంటే వేళ్లతో పట్టిన చర్మం మడత మందాన్ని కొలిచే పరికరం, చవకే, కానీ అంతా పట్టే చేతిలో ఉంది. కుడివైపే, వేళ్లకు 1 సెం.మీ. దూరంలో పెట్టి, రెండు సెకన్లలో చదవాలి. ప్రతిచోటా రెండుసార్లు, 2 మి.మీ. దాటి తేడా వస్తే మూడోసారి. ట్రైనర్ మారితే పాత రీడింగుతో పోల్చొద్దు.

టేపు_చాలు:
చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడుమ, ఊపిరి వదిలాక టేపు చుట్టు. మగోళ్లకు 90 సెం.మీ., ఆడోళ్లకు 80 దాటితే జాగ్రత్త పడాలి. రిపోర్టు చేతికిచ్చిన నిమిషంలోనే ప్రోటీన్ డబ్బా చూపిస్తే అది పరీక్ష కాదు, బేరం.